ఏమీ జరగని గొట్టం

నిన్న మనం వీడియోలో మాట్లాడుకుంటుంటే నా ఫోను జారి పడింది కదా. మీకు మా ఇంటి పైకప్పు, ఫ్యాను, ఆ తర్వాత ఒక నల్ల అట్ట కనిపించాయి. "అమ్మమ్మా, ఫోను దేనికి ఆనించావు? బంగారు అక్షరాలున్నాయేంటి దానిమీద?" అని చిన్నది అడిగింది. పెద్దోడు కళ్ళు చికిలించి ఇంగ్లీషులో పైకి చదివాడు. చదివి, "కాలేయ కణాల కేంద్రకాల్లో ఎంజైముల పనిని, కాల్షియంని పట్టుకునే ప్రోటీను ఎలా అదుపు చేస్తుందో... అమ్మమ్మా, ఇది నీ దగ్గరెందుకుంది?" అన్నాడు. నేను నవ్వబోయి, పళ్ళసెట్టు కదులుతుందని ఆపుకున్నాను. ఈలోగా మీ అమ్మ పక్క గదిలోంచి "ఆ కార్జం కథ ఎత్తకు!" అని అరిచి ఫోను పెట్టించేసింది.

ఇప్పుడు మీ అమ్మ ఆఫీసులో ఉంటుంది. తలుపు వేసుకుని వినండి. కార్జం అంటే కాలేయమే. మాంసం కొట్లో అలాగే అడగాలి.

ఆ పుస్తకం రాసినాయన మన మేడ మీద గదిలో అద్దెకుండేవారు. మీరు పుట్టకముందు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి. ఉన్నవాళ్ళు చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకునేవారు. ఆయనకి లేదు. పేరు చెప్పను, ఆ పేరుతో పిలిచినవాళ్ళూ ఎవరూ లేరు. వీధి మొత్తానికి ఆయన కార్జం మేస్టారు. ఊళ్ళో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఫోన్ చేసి మాట్లాడిస్తావా అంటారేమో, ఇప్పుడు వీల్లేదు. పోయినేడు బెల్లం మార్కెట్టు దగ్గర వాళ్ళ ఊరాయన కనిపించి, మేస్టారు పోయారని చెప్పాడు. ఇంటికొచ్చి ఆ పుస్తకం మీద దుమ్ము తుడిచాను. పొడిగుడ్డతోనే తుడిచాను. ఎందుకన్నది మీకే తెలుస్తుంది.

పొడుగు మనిషి. ఏదో చిన్న వస్తువు కిందపడితే వెతుక్కుంటున్నట్టు కాస్త వంగి నడిచేవారు. రెండు చెవుల మీదా రెండు పెన్నులు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. మాట్లాడేటప్పుడు కుడి అరచెయ్యి బోర్లించి గాలిలో నిలబెట్టేవారు, ఉడుకుతున్న దేనిమీదో మూత పెడుతున్నట్టు. "ఆగండి, చాలు" అనేది ఊతపదం. కాఫీ పోస్తే ఆగండి చాలు. ఆటో ఇంటి ముందుకొస్తే ఆగండి చాలు. వాన ఎక్కువైతే వరండాలో నిలబడి ఆకాశానికి కూడా అదే చెప్పేవారు.

పైగా శాకాహారి. వాళ్ళింట్లో అందరూ తింటారట, ఈయనొక్కడే ముట్టరు. కోడిగుడ్డు ఉడికించిన గిన్నె అంటే ఆమడ దూరం. అలాంటి మనిషి వారానికి మూడు రోజులు, తెల్లారగానే, మాంసం కొట్టు ముందు మొదటి బేరంగా నిలబడేవారు. చేతిలో మూడు గిన్నెల క్యారియరు. అందులో చేపలవాళ్ళ దగ్గర తెచ్చుకున్న ఐసు ముక్కలు, వాటి మధ్య అక్కడక్కడా మెరుస్తూ చేప పొలుసులు.

ఒకరోజు నేనూ మాంసానికి వెళ్ళి విన్నాను.

"ఇదెప్పుడు కోశారు?" అన్నారు మేస్టారు.

"ఇప్పుడే సార్. సచ్చిపోనానని దానికే ఇంకా తెలీదు," అన్నాడు కొట్టతను.

"కోసే ముందు భయపడిందా?"

"ఎవులు సార్?"

"మేక. భయపడితే కార్జంలో లెక్కలన్నీ మారిపోతాయి."

కొట్టతను కత్తి పక్కన పెట్టాడు. "మేక సంగతి నాకు తెలీదు గానీ సార్, వారానికి మూడుసార్లు మిమ్మల్ని సూసి నానే భయపడతన్నాను."

ఆయనకి కావలసింది బొటనవేలంత ముక్క. మిగతాదంతా మనింటికే. రెండేళ్ళు మనింట్లో కార్జం వేపుడు, కార్జం కూర, కార్జం పులుసు. మీ తాతయ్య "తినండి, రక్తం పడుతుంది" అనేవారు. మీ అమ్మ అప్పుడు ఇంటరు చదువుతోంది. అది టిఫిన్ బాక్సు మూత తీస్తే పక్క బెంచీ వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారట. అందుకే ఈ కథంటే దానికంత కోపం.

ఆ బొటనవేలంత ముక్కని ఏం చేసేవారో తెలుసా? చిక్కటి పంచదార నీళ్ళలో వేసి నూరేవారు. నూరి, కాలేజీలో గిర్రున తిప్పే యంత్రంలో పెడితే, కణాల మధ్యలో ఉండే కేంద్రకాలు బరువు కాబట్టి అడుక్కి దిగిపోతాయట, మిగతా మడ్డి అంతా పైన ఉండిపోతుందట. ఈ సంగతి ఎదురింటి వదిన చెవిన పడింది. ఆవిడ వీధికంతా, "మేస్టారు కార్జాన్ని పాకం పట్టుకుని తింటాడంట" అని చెప్పింది. చివరింటావిడ పనిగట్టుకుని వచ్చి, "లేత పాకమా, ముదురు పాకమా?" అని నన్ను అడిగి వెళ్ళింది.

ఇక నేనే ఒక సాయంత్రం మెట్ల మీద బియ్యం ఏరుకుంటూ ఆయన్ని అడిగేశాను.

"ఏటి బాబూ ఇదంతా? ఆ కార్జంలో ఏటి ఎతుకుతున్నారు?"

ఆయన నన్ను పిన్నిగారూ అనేవారు. రెండు మెట్లు పైన కూర్చుని, "పిన్నిగారూ, మీ పుట్టింట్లో బెల్లం వండేవారు కదా?" అన్నారు.

"వండీవోరు. మా నాన్న పెనం దగ్గిరే ఉండీవోడు."

"చెరుకు రసం మరిగేటప్పుడు సున్నపు తేట ఎందుకేస్తారు?"

"మడ్డి పైకి తేలాలని. తీసి పారెయ్యాలి గదా."

"ఎక్కువ పడితే?"

"బెల్లం నల్లబడిపోద్ది. దిమ్మ ఎవులూ ముట్టుకోరు."

"అదే నా పుస్తకం," అన్నారు.

తర్వాత చాలాసేపు చెప్పారు. నాకు పట్టుబడింది ఇంత. కార్జంలో లెక్కలేనన్ని కణాలు. ఒక్కో కణం ఒక ఇల్లు. ఇంటి మధ్య కేంద్రకం అనే గది. ఆ గదిలో ఒక పొడుగాటి దారం, ఆ ఇల్లు ఎలా నడవాలో అంతా దానిమీదే రాసి ఉంటుంది. గదిలో ఎంజైములనే పనివాళ్ళు. వాళ్ళలో ఒకడి చేతిలో కత్తెర. సున్నంలో ఉండే కాల్షియమే ఆ గదిలోకి వస్తే కత్తెరవాడికి హుషారొస్తుంది. కాస్త వస్తే పని జరుగుతుంది, ఎక్కువైతే దారమంతా ముక్కలు చేసి పారేస్తాడు. అందుకని అదే గదిలో ఒక ప్రోటీను ఉంటుంది. అది కాల్షియంని పట్టుకుంటుంది, కత్తెరవాడి చెయ్యి ఆపుతుంది.

"మా నాన్న లాంటిది పిన్నిగారూ," అన్నారు. "మా నాన్న మునగపాక వైపు ఎన్ని పెనాల దగ్గర నిలబడ్డాడో. సున్నం ఎంత పడాలో ఆయనే చెప్పాలి. రసం నాలిక్కి తగిలించి చూస్తాడు. ఎవరైనా ఇంకో చెంబు పొయ్యబోతే ఇలా అంటాడు." అరచెయ్యి బోర్లించి గాలిలో పెట్టారు. ఆ చెయ్యీ ఆ ఊతపదమూ ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు అప్పుడు తెలిసింది.

ఇదంతా నిజమని చూపించడానికి ఆయనకి మూడు గాజు గొట్టాలు చాలు. మొదటి దాంట్లో ఉత్త కేంద్రకాలు, కాల్షియం లేకుండా. రెండో దాంట్లో కాల్షియం. మూడో దాంట్లో కాల్షియంతోపాటు ఆ ప్రోటీను. చివర్న ఒక మందు కలుపుతారు. దారం తెగి ఉంటే నీలం రంగు వస్తుంది. మొదటిది నీలం కాకూడదు. రెండోది బాగా నీలం కావాలి. మూడోది లేత నీలం దగ్గర ఆగాలి.

ఎప్పుడు చూసినా మూడూ నీలమే. ఒకే తానులో చొక్కాలు కుట్టించిన అన్నదమ్ముల్లాగ.

యూనివర్సిటీలో ఆయనకి పని చూపించే ప్రొఫెసరు ఒకే మాట చెప్పారట. మొదటి గొట్టం ఊరుకునేదాకా రెండోదాన్నీ మూడోదాన్నీ ఎవరూ నమ్మరు అని. అప్పటికే ఎనిమిదేళ్ళు అయింది, ఆ ప్రోటీనుని విడిగా తీయడానికే మొదటి ఆరేళ్ళు పోయాయట. గడువు రెండుసార్లు పెంచారు. ఆ వేసవి సెలవులు అయ్యేలోగా పుస్తకం ఇవ్వకపోతే ఆయన పేరు కొట్టేస్తారు. ఎనిమిదేళ్ళూ గాల్లోకి పోతాయి. డాక్టరేటు లేకపోతే కాలేజీవాళ్ళు కూడా ఇంక ఉంచుకోలేమన్నారట. రోజూ మెట్లు దిగుతూ, "ఎక్కణ్నుంచో కాల్షియం వస్తోంది పిన్నిగారూ" అనేవారు. ఇంట్లో దొంగ తిరుగుతున్నాడన్నట్టు, చిన్న గొంతుతో.

ఆ దొంగ కోసం ఆయన పడ్డ పాట్లు చెబితే నమ్మరు. మున్సిపాలిటీ నీళ్ళు మానేశారు. బ్యాటరీల కొట్లో అమ్మే నీళ్ళు క్యాన్లతో తెచ్చి, గొట్టాలు వాటితోనే కడిగేవారు. సుద్దముక్కలో కాల్షియం ఉంటుందని క్లాసులో ముట్టుకోవడం మానేశారు. బోర్డు ముందు నిలబడి గాలిలో వేలితో రాసేవారట, పిల్లలు గాలిలోంచి చూసి నోట్సు రాసుకునేవారట. గోడల సున్నం రాలి పడుతుందేమోనని గదిలో గొడుగు వేసుకుని కూర్చునేవారు. మీ తాతయ్య ఒకసారి అద్దె గది పెచ్చులు చూద్దామని పైకెళ్ళి, గొడుగు కింద ఆయన్ని చూసి, కిందకొచ్చి, బయట వానేమైనా పడుతోందా అని నన్ను అడిగారు.

కాలేజీలో గొట్టాలు పగలగొడుతున్నారని ఇంటికే తెచ్చుకుని కడిగి, మేడ మీద పిట్టగోడ పక్కన ఆరబెట్టేవారు. ధర్మాకోల్ ముక్కలో చీపురుపుల్లలు గుచ్చి, ఒక్కో పుల్లకి ఒక్కో గొట్టం బోర్లించేవారు. "సబ్బు మాత్రం తగలనివ్వకండి పిన్నిగారూ" అని నాకు అప్పజెప్పి కాలేజీకి వెళ్ళేవారు. నా ప్రాణం ఉండగా సబ్బు తగలనివ్వలేదు. సాయంత్రం వచ్చి ఒక్కో గొట్టం ఎండకి పట్టి చూసుకుని, "మీ మేడ మీద ఎండ మహిమో ఏమో, ఎంత శుభ్రంగా ఆరతాయో!" అని మెచ్చుకునేవారు. నేను సిగ్గుపడేదాన్ని.

మన శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెబుతారు కదా. ఒకరికి మోకాలు, ఒకరికి కొడుకు ఉద్యోగం. నేను లేచి, మా మేడ మీద మేస్టారి మొదటి గొట్టం గురించి చెప్పాను. పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ కుమారుని మొదటి గొట్టము నీలము కాకుండును గాక" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మేస్టారికి మన మతం కాదు, అయినా చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సోమవారం మొదటి గొట్టం ఎప్పటికంటే ముదురు నీలం వచ్చింది. ఆదివారం ఆరాధన ఉంటుంది గనక, ఆ గొట్టాల పని నేను శనివారమే, మరింత శ్రద్ధగా చేశాను. ఏం పని అంటారా? వస్తున్నాను, ఆగండి.

ఇంక గడువు పదిరోజుల్లోకి వచ్చింది. ఒక ఉదయం మేస్టారు మీసం తీసేసుకుని మెట్లు దిగారు.

"అయ్యో బాబూ, ఇదేటి?"

"మీసంలోంచి పొట్టు రాలి గొట్టంలో పడుతుందేమో పిన్నిగారూ. ఇంక అనుమానించడానికి మిగిలింది ఇదొక్కటే."

అలాగే మార్కెట్టు మీదుగా వెళ్ళారు. వాళ్ళ ఊళ్ళోవాళ్ళు బెల్లం దిమ్మలు దింపుతూ చూశారు. మీసం లేని పెద్దకొడుకు. మన వైపు తండ్రి పోతేనే కదా అలా తీసేది. ఈ కబురు వాళ్ళకంటే ముందే ఊరు చేరింది.

మర్నాడు మన గుమ్మంలో ఒక ముసలాయన. మోకాళ్ళ పైకి పంచె, భుజాన తువ్వాలు, చంకలో ఆకులో చుట్టిన బెల్లం దిమ్మ.

"కార్జం మేస్టారిల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. మీరెవరు?"

"ఆడి బాబుని. నాను పోనానంట గదా. ఊరంతా అనుకుంటన్నారు. అవునో కాదో ఆడినే అడిగేసి పోదామని వచ్చేను."

మేస్టారు పైనుంచి పరుగున దిగారు. "నాన్నా!"

"ఏటా నాన్న? మీసమేదిరా? పెద్దకార్యం కూడా సేసేసేవా? గారెలు ఎవులు తిన్నారు?"

మేస్టారు తల వంచుకుని అంతా చెప్పారు. గొట్టాలు, నీలం రంగు, గడువు, మీసం. ముసలాయన మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ విన్నారు. కార్జం గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చివరికి మూతి తుడుచుకుని, "అంటే, ఎవులూ వెయ్యకుండానే సున్నం పడతాందంటావు," అన్నారు.

"అవును నాన్నా."

"అలగ పడదురా సున్నం. ఏదీ, ఆ గిన్నెలు సూపించు."

ముగ్గురం మేడ ఎక్కాం. పుల్లల మీద గొట్టాలు ఎండలో మెరుస్తున్నాయి. ముసలాయన ఒకటి తీసి వెలుతురుకి పట్టారు. చిటికెనవేలు లోపలికి పెట్టి ఒక్క తిప్పు తిప్పి, ఆ వేలు నాలుక చివర ఆనించుకున్నారు.

"వద్దు నాన్నా! అందులో విషాలు పోస్తాం!"

ఆయన వినలేదు. కళ్ళు మూసుకున్నారు. నాలుక అంగిట్లో తగిలించి టక్కుమని ఒక చప్పుడు చేశారు. బెల్లం పెనం దగ్గర నిలబడ్డట్టే ఉంది మనిషి.

"సున్నమే," అన్నారు. "తేరిన తేట. పొద్దున్నేసినదే. ఇది కడిగినోళ్ళెవులో పెనం కాడ పుట్టినోళ్ళురా."

రెండు మొహాలూ మెల్లిగా నా వైపు తిరిగాయి.

అదర్రా సంగతి. మా పుట్టింట్లో చెరుకు రసం పట్టిన కుండ ఏదైనా సరే, సున్నపు తేటతో కడిగి బోర్లించాలి. లేకపోతే లోపల తీపి పులిసిపోతుంది, మర్నాడు పోసిన రసమంతా పాడవుతుంది. మా అమ్మ నాకు నడక రాకముందే నేర్పిన పని అది. మేస్టారి గొట్టాల్లో పోసేది పంచదార పాకమే కదా. ఎంత కడిగినా అడుగున తీపి మిగిలి, పిట్టగోడ మీద చీమలు బారులు కట్టేవి. అయ్యో, ఇంత చదువుకున్న మనిషికి ఇది తెలియదు పాపం అనుకుని, ఆయన కాలేజీకి వెళ్ళగానే, నేను ఒక్కో గొట్టాన్నీ సున్నపు తేటలో ముంచి, దులిపి, పైన మెత్తటి పాత చీరతో తుడిచి, మళ్ళీ పుల్లకి బోర్లించేదాన్ని. సబ్బు తగలనివ్వొద్దన్నారు గానీ సున్నం సంగతి ఎవరూ అనలేదు. చెప్పుకునేంత పెద్ద పనా అని నేనూ చెప్పలేదు.

"ఎప్పట్నుంచి పిన్నిగారూ?" అన్నారు మేస్టారు.

"మీరు దిగిన రెండో వారం నించి బాబూ. చీమలు పడతన్నాయని."

"ప్రతిసారీనా?"

"ఒక్కపాలి మానేను. మా చెల్లి కూతురి పెళ్ళికి సబ్బవరం వెళ్ళినప్పుడు."

ఆయన గదిలోకి వెళ్ళి ఒక పాత నోటుబుక్కు తెచ్చారు. పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగారు. సబ్బవరం పెళ్ళి మర్నాడు. ఆ రోజు మొదటి గొట్టం నీలం కాలేదు. రెండోది ముదురు నీలం, మూడోది లేత నీలం. ఎలా రావాలో అలాగే వచ్చాయి. ఆ పక్కనే ఎర్ర పెన్నుతో, "ఏదో పొరపాటు జరిగింది" అని రాసి, పేజీ మొత్తం ఆయనే కొట్టేశారు.

కుడి అరచెయ్యి గాలిలోకి లేచింది. దేనిమీద పెట్టాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"బాబూ, నేను..." అన్నాను. నన్ను ఆదుకున్నది ఆ ముసలాయనే.

"అమ్మనేటీ అనకు," అన్నారు కొడుకుతో. "పాకం పట్టిన గిన్నె అలగే కడగాల. మీ నానమ్మయినా అదే సేసును. నువ్వు ఇంత సదివేవు, ఒక్కపాలి నాలిక పెట్టి సూసుకోలేకపోనావా?"

"నాలిక పెట్టకూడదని మొదటి రోజే చెప్తారు నాన్నా."

"అదేం సదువురా మరి!"

మేస్టారు ముందు ఊ అన్నారు. తర్వాత ఒక వింత చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నారని నేను బెదిరిపోయాను. నవ్వుతున్నారు. పిట్టగోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని, మీసం లేని మూతితో. చెవి మీది ఎర్ర పెన్ను జారి వీధిలో పడింది. ఎదురింటి వదిన దాన్ని తీసి, పైకి చూసి, "తండ్రి పోయినోడు ఇలగ నవ్వుతాడేటి?" అంది. పక్కనున్న ముసలాయన పిట్టగోడ మీంచి వంగి, "నానే ఆ తండ్రిని తల్లీ," అని దండం పెట్టారు. ఆవిడ పెన్ను అక్కడే పడేసి లోపలికి పోయింది.

గడువు ఇంకా తొమ్మిది రోజులు. మేస్టారు విశాఖపట్నం వెళ్ళి కొత్త గొట్టాలు తెచ్చారు. నేను ముట్టుకోనని ఒట్టు వేశాను. కానీ నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. తీపి గిన్నె కడగకుండా బోర్లించి ఉందంటే ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుండేది. ముసలాయన నా మొహం చూసి కనిపెట్టేశారు. ఇంటికి వెళ్ళలేదు. మేడ మెట్ల చివర పీట వేసుకుని, చుట్ట కూడా మానేసి, గొట్టాలు ఆరినంతసేపూ కాపలా కూర్చున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను ఏదో ధ్యాసలో ఉన్నాను. చేతిలో గిన్నె ఉందని కూడా నాకు తెలియదు. మెట్లు ఎక్కేశాను. పై మెట్టు మీద ముసలాయన కూర్చున్నచోటే కూర్చుని, కుడి అరచెయ్యి బోర్లించి నా గిన్నె మీద పెట్టారు. నెట్టలేదు, కసరలేదు. చెయ్యి అలా ఉంచారంతే.

"ఆగు తల్లీ. సాలు."

గిన్నెలోకి చూసుకుంటే సున్నపు తేట.

రెండేళ్ళు మేస్టారు మెట్ల మీద కూర్చుని చెప్పినా నాకు సగమే అర్థమైన ప్రోటీను ఆ రోజు పూర్తిగా అర్థమైంది. వెనక్కి తిరిగి దిగిపోయి, కుండతో సహా సున్నపు తేట కాలవలో పారబోశాను.

ఏడో రోజు. మేస్టారు పొద్దున్నే కాలేజీకి వెళ్ళారు. మేము గుమ్మంలో కూర్చున్నాం. నేను, ముసలాయన, మీ తాతయ్య. మీ అమ్మ కూడా ఉంది, కాకపోతే అది ఈ ప్రయోగం అయిపోతే కార్జం ఆగుతుందనే ఆశతో కూర్చుంది. మిట్టమధ్యాహ్నం వీధి చివర ఆయన కనిపించారు. పరిగెడుతున్నారు. పొడుగు కాళ్ళు, చెప్పులు చేతిలో, చెవి మీద ఒకటే పెన్ను.

"ఏమీ జరగలేదు!" అని అరుస్తున్నారు. "పిన్నిగారూ, నాన్నా, ఏమీ జరగలేదు!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఏటయ్యిందంట మేస్టారికి?" అంది ఎదురింటి వదిన.

"ఏమీ జరగలేదంట వదినా."

"మరెందుకు ఏడుత్తన్నాడు?"

"జరగనందుకే వదినా!" అన్నాను. నాకు కూడా కళ్ళు కనిపించడం లేదు.

ఆయన గుమ్మంలోకి వచ్చి కూలబడ్డారు. మొదటి గొట్టం నీళ్ళలా ఉందట. ఎంతసేపు చూసినా అలాగే ఉందట. చుట్టూ ఉన్నవాళ్ళు ఇందులో ఏముంది సార్ చూడ్డానికి అన్నారట. రెండోది సిరా అంత నీలం.

"మరి మూడోదిరా?" అన్నారు ముసలాయన.

"నీదే నాన్నా. లేత నీలం. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది."

ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అయితే మీసం పెంచు," అన్నారు. "నాను ఊరికి బతికి ఎల్లాల."

పుస్తకం గడువు లోపలే వెళ్ళింది. ఒక ప్రతి తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు ఇంగ్లీషు రాదు కదా. ముందు పేజీలో సాయం చేసినవాళ్ళందరికీ దండం పెడతారట, మీ అమ్మ మూతి ముడుచుకునే చదివి చెప్పింది. ప్రొఫెసరు, కాలేజీ, ఆ తర్వాత "నా తండ్రి నాలుకకు, మా పిన్నిగారు ఆపుకున్న చేతులకు" అని ఉందట. మాంసం కొట్టతను కూడా ఒక చోట ఉన్నాడు, మేకలు కూడా ఉన్నాయి. ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయే రోజు, స్టేషన్లో నేను డబ్బాలో సున్నుండలు పెడుతుంటే అరచెయ్యి బోర్లించి డబ్బా మీద పెట్టారు. "ఆగండి పిన్నిగారూ, చాలు." అప్పటికి మీసం పూర్తిగా వచ్చేసింది.

మీరు వారం వారం ఫోను చేసి, "ఏంటమ్మమ్మా విశేషాలు?" అంటారు. "ఏమీ జరగలేదమ్మా" అంటాను. అమ్మమ్మకి తోచడం లేదు కాబోలనుకుని మీరు నాకు వంటల వీడియోలు పంపిస్తారు. పంపండి, చూస్తాను. కానీ ఆ మాట కోసం ఒక పొడుగాయన చెప్పులు చేత్తో పట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధి వెంట పరిగెత్తాడు. నేను అన్నప్పుడల్లా అది గుర్తొస్తుంది.

ఇదిగో, ఫోను మళ్ళీ ఆ పుస్తకానికే ఆనించాను. ఇవాళ జారలేదు, చూశారా. మీ అమ్మ వచ్చే వేళైంది. అమ్మమ్మ ఏం చెప్పిందని అడిగితే, ఏమీ జరగలేదని చెప్పండి. అబద్ధం కాదులెండి.